‘కోఆపరేట్ చేయట్లేదు’ అని కేసు పేపర్ మీద రాసే ముందు

"అంగ్ సైల్ సోడా, తాయీ." మహారాష్ట్రలో చంద్రపూర్, గడ్చిరోలి వైపు గైనిక్ టేబుల్ ఎక్కిన ఆడమనిషికి ముందుగా వినపడే మాట ఇదే. గోదావరి బ్రిడ్జి దాటి కాళేశ్వరం మీదుగా అవతలికి పోతే అదే మాట తెలుగులో వస్తుంది, "బిగవట్టకమ్మా, లూజు వదులు" అని. మొదటిసారి మామూలుగానే అంటారు, రెండోసారి గొంతు పెరుగుతుంది, మూడోసారికి గ్లవ్స్ తీసి బకెట్లో పడేసి, పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదని ఒక ముక్క రాసి తర్వాతి మనిషిని పిలుస్తారు. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారికి కూడా ఆ ముక్కే చేరుతుంది, ఇంటికి వచ్చేసరికి అది ఆ పిల్ల గుణం మీద తీర్పు అయిపోతుంది.

నేను డాక్టర్ని కాను. సిరొంచ తాలూకాలో పుట్టి, పెళ్ళై బల్లార్షా వచ్చినదాన్ని. మరాఠీ బాగా వచ్చు కాబట్టి చుట్టాల్లోనూ వాడకట్టులోనూ ఏ ఆడమనిషికి ఆస్పత్రి పని పడ్డా తోడు పిలుస్తారు, కర్టెన్‌కి ఇవతల నిలబడి రెండు భాషలు మోస్తుంటాను. అలా నిలబడ్డప్పుడు కనపడేదేంటంటే, అదే రోజు, అదే డాక్టరు, అదే స్టీలు పరికరం, ఒకామె రెండు నిమిషాల్లో చీర సర్దుకుని దిగి వచ్చి టీ తాగుదామా అంటుంది, ఇంకొకామె గోడ పట్టుకుని వస్తుంది. ఈ తేడా చాలావరకు ఆమె టేబుల్ ఎక్కకముందే తయారై ఉంటుంది. కాపురం ఎలా సాగుతోంది, కలయికలో నొప్పి ఉందా, నిద్ర పడుతోందా, మనసు కుంగి ఉందా, ఎప్పుడైనా ఎవరైనా ఆమె ఒంటి మీద బలవంతం చేశారా. వీటి గురించి డాక్టర్లు అడగరు, మనం చెప్పం. మధ్యలో ఆ పరికరం మాత్రం అందరికీ ఒకేలా లోపలికి పోతుంది.

ముందు కండరం సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది.

యోని చుట్టూ, మూత్రనాళం చుట్టూ, మలద్వారం చుట్టూ ఉండే కండరాలను కలిపి పెల్విక్ ఫ్లోర్ అంటారు. వీటిని మనం కావాలని బిగించగలం, వదలగలం, ఆ మాట నిజమే. కానీ భయం వేసినప్పుడు ఇవి మనల్ని అడగకుండా బిగుసుకుంటాయి. కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప మూసుకున్నట్టే ఇది కూడా. నెదర్లాండ్స్ పరిశోధకులు 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడవాళ్ళకు రకరకాల సినిమా ముక్కలు చూపిస్తూ ఈ కండరాల కదలికను కొలిచారు. భయపెట్టే దృశ్యం వచ్చినప్పుడు పెల్విక్ ఫ్లోర్ బిగిసింది, దాంతోపాటు భుజం దగ్గరి కండరమూ బిగిసింది. కలయికలో ఇబ్బంది ఉన్నవాళ్ళకే కాదు, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు కూడా. ఒట్టి సినిమా చూస్తేనే ఇలా అయితే, కాళ్ళు ఎడం చేసి, కింద బట్ట లేకుండా, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని గదిలో పడుకున్న మనిషికి ఏమవ్వాలి? "లూజు వదులు" అని గట్టిగా అరిచినకొద్దీ ఆ కండరానికి ప్రమాదం దగ్గరికొచ్చిందన్న కబురే చేరుతుంది.

బిగిసిన కండరంలోంచి పరికరం పోతే నొప్పి ఎక్కువ, అది అందరికీ అర్థమయ్యేదే. దానికి తోడు నరాల లెక్క ఒకటుంది. ఒంట్లో ఎక్కడో పుట్టిన సంకేతం వెన్నుపాములోంచి మెదడుకు పోయే దారిలో పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. ప్రమాదం ఉందని మెదడు అనుకుంటే ఆ సంకేతాన్ని పెంచుకుంటుంది. దీర్ఘకాలం ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి ఉన్నవాళ్ళలో ఈ పెంచుకోవడం ఎక్కువ. అందుకే నెలనెలా ముట్టు నొప్పితో, ఎండోమెట్రియోసిస్‌తో (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) ఏళ్ళ తరబడి బాధపడ్డ మనిషికి మామూలు స్పెక్యులం, అంటే యోనిని తెరిచి చూసే ఆ స్టీలు పరికరం, కూడా భరించలేనట్టు అనిపించొచ్చు. ఆమె నటించడం లేదు, ఆమె నరాల వ్యవస్థకు ఆ చోటు నుంచి వచ్చే ప్రతి కబురునూ పెద్దది చేసి వినడం అలవాటైపోయింది. ఒకసారి అలా బాధపడ్డాక రెండోసారి టేబుల్ చూడగానే ఒళ్ళు ముందే బిగుస్తుంది, ఇంకా నొప్పి పుడుతుంది, మూడోసారి అసలు వెళ్ళడమే మానేస్తుంది.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొందరు అస్సలు కదలరు, మూలగరు, అడిగిన ప్రతిదానికీ తలూపుతారు. "చాలా మంచి పేషెంట్" అని మెచ్చుకుంటారు కూడా. లైంగిక హింస అనుభవించిన కొంతమందికి అలాంటి క్షణంలో ఒళ్ళు మొద్దుబారిపోతుంది, తాము పైకప్పు దగ్గర నుంచి చూస్తున్నట్టు, జరిగేది ఇంకెవరికో అన్నట్టు అనిపిస్తుంది. వైద్యులు దీన్ని డిసోసియేషన్ అంటారు. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సహించదు, నిద్రలో ఉలిక్కిపడుతుంది, ఎందుకో ఆమెకే తెలియదు. బిగుసుకున్నామెను కోఆపరేట్ చేయట్లేదన్నారు, మొద్దుబారినామెను బాగా చేసిందన్నారు. ఇద్దరి విషయంలోనూ కేసు పేపర్ మీద పడింది తప్పే.

ఇక పిల్లలు పుట్టడం లేదని వచ్చే జంటల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా వైపు ఆడవాళ్ళను గైనిక్ టేబుల్ మీదికి మళ్ళీ మళ్ళీ ఎక్కించేది ఇదే.

చెన్నూరు నుంచి సిరొంచకు కోడలిగా వచ్చిన మా చుట్టం ఒకామె ఉంది. పెళ్ళైన నాలుగేళ్ళకీ కడుపు పండలేదు. చూపించని చోటు లేదు. గుడ్డు పెరుగుతోందా అని రోజు విడిచి రోజు లోపలి స్కాన్, అంటే ప్రోబ్ లోపల పెట్టి చేసేది. ప్రతిసారీ గొడవే, ప్రతిసారీ ఏడుపే. చివరికి ట్యూబుల టెస్టు, హెచ్‌ఎస్‌జీ రాశారు. అది సాధారణంగా ముట్టు ఆగాక, గుడ్డు విడుదలకు ముందు చేస్తారు. గర్భసంచి ముఖద్వారంలోంచి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, మందు ట్యూబుల్లోంచి బయటకు పోతే దారి తెరిచి ఉన్నట్టు. నేను తోడు వెళ్ళాను. ఎక్స్‌రే గదిలో ఏసీ వణికిస్తోంది, తలుపు వెనక సీసపు ఏప్రాన్లు వేలాడుతున్నాయి, టెక్నీషియన్ కుర్రాడు ఫిల్ములు తీసుకోవడానికి రెండు సార్లు లోపలికి వచ్చిపోయాడు. ఆమె చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది. ముందు నొప్పి మాత్ర ఇచ్చారా అని అడిగితే "ఐదు నిమిషాల పని, దానికి మాత్రెందుకు" అన్నారు. రెండు ట్యూబులూ మొదట్లోనే మూసుకుపోయాయని రిపోర్ట్ వచ్చింది. ఇంట్లో కొడుక్కి రెండో సంబంధం మాట కూడా ఎత్తారు.

ఇక్కడ రెండు విషయాలు ఎవరూ చెప్పలేదు. ఒకటి, గర్భసంచి కండరం నొప్పికి గట్టిగా పట్టేసుకుంటే ట్యూబు మొదలు దగ్గర దారి తాత్కాలికంగా మూసుకుని, లేని బ్లాకు ఉన్నట్టు ఫిల్ములో కనపడొచ్చు. రేడియాలజీ వాళ్ళకు ఇది తెలిసిన సంగతే, అందుకే మొదట్లో బ్లాకు అని వచ్చినప్పుడు వెంటనే నమ్మేయకుండా మళ్ళీ చూస్తారు. రెండోది అసలు విషయం. కొన్నాళ్ళకు మంచిర్యాలలో ఒక పెద్ద వయసు డాక్టరమ్మ నన్ను, అత్తగారిని, అందరినీ బయటికి పంపి, తలుపు వేసి, తెలుగులో నేరుగా ఒక్క ప్రశ్న అడిగింది. కలయిక పూర్తిగా జరుగుతోందా? జరగడం లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు. ప్రయత్నించినప్పుడల్లా ఒళ్ళు బిగుసుకుపోయేది, భర్త మంచివాడు కాబట్టి బలవంతం చేయలేదు, ఇద్దరూ నోరు మూసుకున్నారు. నాలుగేళ్ళ స్కాన్లలో, మందుల్లో, రిపోర్టుల్లో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. లోపలి స్కాన్‌కి ప్రతిసారీ ఎందుకు ఏడుస్తోందని కూడా.

దీనికి పేరుంది, వెజైనిస్మస్. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 వర్గీకరణలో దీన్ని, కలయికలో నొప్పిని కలిపి ఒకే గొడుగు కిందికి తెచ్చారు, ఎందుకంటే భయం ఎక్కడ ఆగుతుందో నొప్పి ఎక్కడ మొదలవుతుందో విడదీయడం కుదరదు. కొందరికి చిన్నప్పటి హింస ఉంటుంది, చాలామందికి అలాంటిదేమీ ఉండదు, మొదటిరాత్రి రక్తం, నొప్పి గురించి స్నేహితురాళ్ళు చెప్పిన కథలే చాలు. మంచి వార్త ఏంటంటే ఇది నయమవుతుంది. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, యోనిలో పెట్టుకుని అలవాటు చేసుకోవడానికి కొలతలు మెల్లగా పెరిగే డైలేటర్లు, భార్యాభర్తలిద్దరికీ కౌన్సెలింగ్. నెదర్లాండ్స్‌లోనే 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, థెరపిస్టు పక్కనుండి మెల్లమెల్లగా భయాన్ని ఎదుర్కొనేలా చేసిన పద్ధతిలో 35 మందిలో 31 మందికి కలయిక సాధ్యమైంది, అప్పటికింకా చికిత్స మొదలుపెట్టకుండా వేచి ఉన్న 35 మందిలో నలుగురికే. ఇంత బాగా పనిచేసే చికిత్స ఉన్న సమస్యకు మనం హెచ్‌ఎస్‌జీలు చేయిస్తున్నాం. ఆమె విషయం తర్వాత ఏమైందో నేను రాయను, అది ఆమె సొంతం.

నేను పక్కన ఉన్నంతసేపు ఆమె ఆ మాట చెప్పలేదన్నది గమనించండి. చెప్పదు కూడా, నేను చుట్టాన్ని కదా. సరిహద్దు జిల్లాల్లో ఇదో పెద్ద చిక్కు. మన పెళ్ళిళ్ళు ప్రాణహిత, గోదావరి దాటి అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి, తెలుగు తప్ప ఇంకేమీ రాని పిల్ల కోడలిగా వస్తుంది, గడ్చిరోలి జిల్లా ఆస్పత్రి సిరొంచకు రెండొందల కిలోమీటర్ల పైనే, అక్కడ డాక్టరు మరాఠీలో అడుగుతాడు, మధ్యలో మాట మోసేది అత్తో మొగుడో ఆడబిడ్డో. "కలయికలో నొప్పి ఉంటుందా" అన్న ప్రశ్న అత్తగారి నోట్లోంచి కోడలికి ఏ రూపంలో చేరుతుందో ఊహించుకోండి. అసలు చేరదు. "ఏం లేదట" అని జవాబు మాత్రం వెనక్కి పోతుంది. చాలా ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన సిస్టరో ఆయమ్మో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, ఆ రెండు ప్రశ్నల వరకైనా వాళ్ళను పిలవొచ్చు. పెళ్ళి కాని పిల్లలకైతే ఇంకో ఇబ్బంది, "పెళ్ళైందా" అన్న ఒక్క ప్రశ్నతోనే డాక్టరు మొత్తం లైంగిక చరిత్ర రాసేసుకుంటారు. పెళ్ళి కాలేదంటే ఏమీ లేనట్టు, అయిందంటే అన్నీ బాగున్నట్టు. రెండూ అబద్ధం కావచ్చు.

గడ్చిరోలి గురించి ఇంకో మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో ప్రపంచమంతా ఒకప్పుడు ఈ జిల్లా వైపే చూసింది. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు ఇక్కడి రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. వాళ్ళలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా గైనిక్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే. అప్పటిదాకా ఆడవాళ్ళ ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అని మాత్రమే అనుకునే ప్రభుత్వాలకు అది చెంపదెబ్బ. ఆ తర్వాత ఆస్పత్రులు పెరిగాయి, ఆశా తాయీలు వచ్చారు, కానీ లోపలి పరీక్షంటే వెనక్కి తగ్గడం పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నది 1.9 శాతం మందే. అందుబాటులో లేకపోవడం ఒక కారణం, సిగ్గు, భయం, పోయినసారి జరిగిన అవమానం మిగతా కారణాలు.

అదే సమయంలో, చిత్రమేంటంటే, ఓపీలో ఎక్కువగా వినపడే ఫిర్యాదు తెల్లబట్ట. "తెల్లబట్ట అయితాంది, నడుము గుంజుతాంది, కాళ్ళు లాగుతాన్నయ్, పానం సోలిపోతాంది." ఈ నాలుగు మాటలూ ఒకే ఊపిరిలో వస్తాయి. మానసిక వైద్యుడు డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం గోవాలో వేల మంది ఆడవాళ్ళ మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ ఫిర్యాదు వెనక ఏముందో చూసింది. ఇన్‌ఫెక్షన్ కంటే కుంగుబాటు, ఆందోళన, ఇంటి పరిస్థితులకే దీనితో గట్టి సంబంధం కనపడింది. "నాకు బతకాలని లేదు" అని ఏ ఆడమనిషీ ఓపీలో చెప్పదు, చెప్పినా రాసుకునే గడి కేసు పేపర్‌లో లేదు. తెల్లబట్ట అంటే మాత్రం లోపలికి రానిస్తారు. కాబట్టి బాధ ఆ పేరు పెట్టుకుని వస్తుంది.

అలా వచ్చినామెకు ఏం జరుగుతుందో చూడండి. స్పెక్యులం పెట్టి చూస్తారు, ముఖద్వారం కొంచెం ఎర్రగా కనపడుతుంది, "గర్భసంచికి పుండు ఉంది" అంటారు. చాలాసార్లు అది పుండు కాదు, లోపలి పొర కొంచెం బయటికి వచ్చి ఎర్రగా కనపడడం, కాన్పులైన ఆడవాళ్ళలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో మామూలుగా ఉండేదే, దాన్ని ఎక్ట్రోపియన్ అంటారు. కానీ పుండు అన్న మాట చెవిన పడ్డాక ఆమెకు నిద్ర ఉండదు. "ఇట్లనే వదిలేస్తే క్యాన్సర్ అయితదట" అని ఎవరో అంటారు. ఇంకో ఆస్పత్రి, ఇంకో పరీక్ష, చివరికి పిల్లలు పుట్టేశారు కదా, తీయించేద్దాం అంటారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కూలీల మీద ప్రభుత్వం 2019లో సర్వే చేయిస్తే 82 వేల మందిలో 13 వేలకు పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్ళే తేలారు.

కుంగుబాటు కోసం వెళ్ళి గర్భసంచి వదులుకుని వచ్చినామె కుంగుబాటు పోతుందా? పోదు. ఆపరేషన్‌కి ముందే కుంగుబాటు, కటి నొప్పి ఉన్నవాళ్ళలో ఆ తర్వాత కూడా నొప్పి, కలయికలో ఇబ్బంది మిగిలే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెప్తున్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే రాత్రికి రాత్రే మెనోపాజ్ (ముట్టు ఆగిపోయే దశ), ఒళ్ళు ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం. పైగా "గర్భసంచి లేనిది మొగనికి పనికిరాదు" అన్న మాట ఒకటి ఇంట్లో తిరుగుతుంటుంది. అది అబద్ధం. విపరీతమైన రక్తస్రావంతోనో పెద్ద గడ్డలతోనో నిజంగా అవసరమై తీయించుకున్న చాలామందికి కాపురం మెరుగుపడుతుంది కూడా. గర్భసంచి ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు, దేనికి చేస్తున్నారో ముందు తేల్చమంటున్నాను.

హింస మాట తప్పించుకోలేం. అదే జాతీయ సర్వేలో పెళ్ళైన, 18 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చూశామని చెప్పారు, చెప్పనివాళ్ళు వేరే. అంటే గైనిక్ ఓపీలో బెంచీ మీద వరుసగా కూర్చున్నవాళ్ళలో ప్రతి ముగ్గురు నలుగురికి ఒకరు. ఎవరో తెలియదు. తెలియనప్పుడు అందరినీ ఆ ఒక్కరే అనుకుని చూడడం తప్ప వేరే దారి లేదు. కానీ కాన్పు గదిలో వినపడే మాటలేంటి? "మొగని దగ్గర పండుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిదే?" ఈ మాట నేను నా చెవులతో విన్నాను, అన్నది కూడా ఆడమనిషే. భర్త బలవంతం చేసిన రాత్రుల్ని మోస్తున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో అన్నవాళ్ళకు తెలియదు. అత్యాచార బాధితుల మీద చేసే రెండు వేళ్ళ పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది, 2022 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పులో అలా చేసేవాళ్ళను దుష్ప్రవర్తన కింద బాధ్యుల్ని చేయాలని తేల్చి చెప్పింది. కోర్టు దాకా పోయేది ఆ కొన్ని కేసులే, మామూలు ఓపీలో చెయ్యి ఎలా వేస్తున్నారో చూసే కోర్టు లేదు.

ఒంటి మార్పుల వల్ల వచ్చే నొప్పి గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తక్కువ, యోని పొడిగా ఉంటుంది, కుట్లు ఇంకా లాగుతుంటాయి, సరిగ్గా అప్పుడే కాపర్ టీ వేస్తామంటారు. కాన్పు తర్వాత కుంగుబాటు మన దేశంలో దాదాపు 22 శాతం తల్లులకు ఉంటుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది, ఆ లెక్క కూడా కలుపుకోండి. మెనోపాజ్ దాటినవాళ్ళకు ఆ పొర పలచబడి స్పెక్యులం గీరినట్టుంటుంది, డాక్టరు రాసిచ్చే ఈస్ట్రోజెన్ క్రీము కొన్ని వారాలు వాడి వెళ్తే చాలా తేడా. ఇక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కోరికను, తడిని తగ్గిస్తాయి, ఆ సంగతి గైనిక్ డాక్టరుకి చెప్పాలి, మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇంతవరకు చదివి "ఓహో, అయితే నొప్పంతా మనసులోనే అన్నమాట" అనుకుంటే మొత్తం తిరగబడుతుంది. నాకు ఇదే పెద్ద భయం. ఆందోళన నొప్పిని పెంచుతుంది కాబట్టి ఆమెది ఆందోళనే అని తేల్చేసి, మత్తు ఇవ్వకుండా పని కానిచ్చేవాళ్ళు తయారవుతారు. ముఖద్వారాన్ని పట్టుకుని లాగడం, సాగదీయడం, గర్భసంచి లోపలికి గొట్టం పెట్టడం ఏ చింతా లేని మనిషికి కూడా నొప్పే, ఆ చోట నరం తగిలి బీపీ పడిపోయి కళ్ళు తిరగడం కూడా కొందరికి జరుగుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా 2024 ఆగస్టులో గానీ కాపర్ టీ లాంటివి వేసే ముందు నొప్పి గురించి అందరితోనూ మాట్లాడాలని మార్గదర్శకాల్లో రాయలేదు. దశాబ్దాలుగా "కొంచెం గుచ్చినట్టుంటుంది" అని సరిపెట్టారు. మాటకొస్తే, ట్రేలో ఇప్పటికీ ఉండే సిమ్స్ స్పెక్యులం ఎవరి పేరు మీద ఉందో ఆ మారియన్ సిమ్స్, 1840లలో అలబామాలో నల్లజాతి బానిస స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకున్నవాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న అతని విగ్రహాన్ని 2018లో తీసేశారు. ఆడవాళ్ళ నొప్పిని లెక్కలోకి తీసుకోకపోవడం ఈ విద్యకు పుట్టుకతోనే వచ్చింది.

మరి ఏం చేస్తే తేడా వస్తుంది? ఖరీదైనవేమీ అక్కర్లేదు. 2006లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, కాళ్ళు ఆ ఇనుప స్టాండ్లలో పెట్టకుండా మంచం అంచు మీదే ఆనించి పరీక్ష చేస్తే అసౌకర్యం, నిస్సహాయంగా ఉన్నామన్న భావన రెండూ తగ్గాయి. పక్కకు తిరిగి పడుకోబెట్టి కూడా చూడొచ్చు. స్పెక్యులంలో సన్నవి ఉంటాయి, అడిగితే తీస్తారు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే చల్లదనం పోతుంది. కావాలంటే ఆమె చేత్తోనే పెట్టుకోనివ్వొచ్చు, విదేశాల్లో అలా చేయించిన చోట్ల ఆడవాళ్ళకు అదే నయమనిపించింది. ముందు మూత్రం పోసుకుని రావడం, నడుము పైకెత్తకుండా ఉండడం, ఊపిరి బయటికి వదిలేటప్పుడు పరికరం పెట్టడం, ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. అన్నిటికంటే ముఖ్యం "ఆపండి" అంటే నిజంగా ఆపడం. మొదలుపెట్టే ముందే "చెయ్యి ఎత్తితే ఆపేస్తా" అని డాక్టరు చెప్తే, చాలామంది అసలు చెయ్యి ఎత్తనే ఎత్తరు. గర్భసంచి లోపలికి పోయే పనులకు ముందు నొప్పి మాత్రో, మొద్దుబార్చే ఇంజెక్షనో, అవసరమైతే పూర్తి మత్తో ఉంటాయా అని అడగడానికి మొహమాటపడొద్దు. లోపలి స్కాన్ భరించలేకపోతే నిండా నీళ్ళు తాగి పొట్ట మీద నుంచి చేయించుకునే దారి చాలాసార్లు ఉంటుంది, కొంచెం తక్కువ స్పష్టంగా వస్తుంది, అంతే.

ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి హెచ్‌పీవీ టెస్టునే, అంటే ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూసేదాన్నే, ముందు పెడుతోంది, దానికి శాంపిల్ ఆమే స్వయంగా తీసుకోవచ్చు, టేబుల్ ఎక్కే పనే లేదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో నడుస్తున్నది ఎక్కువగా వీఐఏ, అంటే ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి ఒక నిమిషం ఆగి చూడడం, దానికి స్పెక్యులం తప్పదు. స్వయంగా శాంపిల్ తీసుకునే పద్ధతి సిరొంచ, అహేరీ లాంటి చోట్లకు ముందు రావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. లోపలి పరీక్షకు భయపడేవాళ్ళు, మైళ్ళ దూరం నడిచి వచ్చేవాళ్ళు ఉన్నది ఇక్కడే కదా.

హక్కుల మాటకొస్తే, మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలని అడగొచ్చు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఆ మాట ఉంది. 18 దాటినామెకు చట్టప్రకారం అబార్షన్‌కి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి భర్త సంతకం అవసరం లేదు, ఆమె సంతకం చాలు. కౌంటర్ దగ్గర మాత్రం ఇంకా మొగుణ్ణి తీసుకురమ్మనే అంటారు. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో కూడా సేవ ఉంది. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టులు మాత్రం మా వైపు దొరకడం కష్టం, నాగ్‌పూరో హైదరాబాదో పోవాలి, మొదటిసారి వెళ్ళి వ్యాయామాలు నేర్చుకుని, మిగతాది ఫోన్లో మాట్లాడుకుంటూ ఇంట్లో చేసుకునేవాళ్ళూ ఉన్నారు.

డాక్టర్లు, సిస్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రెండు ప్రశ్నలు చాలు. "ఇంతకుముందు ఇలాంటి పరీక్షలో గానీ కలయికలో గానీ ఇబ్బంది పడ్డారా? ఈ పరీక్ష తేలిగ్గా అవ్వాలంటే నేనేం చేయాలి?" తలుపు వేసి, తోడు వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టి అడగండి. హింస జరిగిందా అని గుచ్చి గుచ్చి అడగక్కర్లేదు, చెప్పాలనుకుంటే ఆమే చెప్తుంది. చెప్పింది కేసు పేపర్ మీద ఎలా రాస్తున్నారో కూడా చూసుకోండి, ఎందుకంటే ఆ కాగితాలు మా ఇళ్ళల్లో ప్లాస్టిక్ సంచిలో భర్త దగ్గరో మామ దగ్గరో ఉంటాయి, మరుసటిసారి ఆస్పత్రికి పోయేలోపు ఇంటిల్లిపాదీ, మరాఠీ చదవడం వచ్చిన పక్కింటివాళ్ళతో సహా, వాటిని ఒకసారి తిరగేస్తారు.